వెదకకుండ కనుగొనుట

ఒక పాఠశాలలో వెయ్యిమంది విద్యార్థులున్నారనుకొందము. ఒక జాబితాలో వారి పేర్లు, మార్కులు. మరొక జాబితాలో పేర్లు, చెల్లించిన రుసుములు ఉన్నవి. ఈ రెంటిని జతపరచుటకు పైథాన్ భాషను క్రొత్తగా నేర్చుకొనువాడు ఏమి చేయును? మొదటి జాబితాలోని ప్రతి పేరును రెండవ జాబితాలోని పేర్లతో వరుసగా పోల్చును. పేరు దొరకగానే ఆపినను సుమారు ఐదు లక్షల పోలికలు తప్పవు. కంప్యూటరు విసుగుకొనదు కనుక ఆ శ్రమ వానికి తెలియదు! రెండవ జాబితాను ‘డిక్షనరీ’గా అమర్చుకొన్నచో వెయ్యి పేర్లను ఒకసారి చేర్చి, వెయ్యిసార్లు అడిగిన చాలును. ప్రోగ్రాములో ఒక ఆవృత్తిలో మరొక ఆవృత్తి ఉండవలసిన పని లేదు.

ఇది ఎట్లు సాధ్యమైనది? అచ్చు నిఘంటువులో మనము అకారాది క్రమమున వెదకుదుము. పైథాన్ డిక్షనరీ వెదకుటకు మారుగా చోటును లెక్కకట్టును. ఈ ఉపాయమును 1953 జనవరిలో ఐ.బి.ఎమ్. సంస్థకు చెందిన హాన్స్ పీటర్ లూన్ ఒక ఆంతరంగిక పత్రములో వ్రాసినాడు. బ్యాంకు కార్డు సంఖ్యలో తప్పు దొరలినదేమో చివరి అంకెతో సరిచూచు పద్ధతి కూడ ఈయనదే.

ఎనిమిది గూళ్లున్న పెట్టె నొకదానిని ఊహించుడు. 58ని 8చే భాగించగా శేషము 2. కనుక దానిని 2వ గూటిలో ఉంచుదము. మరల కావలసినపుడు అదే భాగహారము చేసి, తిన్నగా ఆ గూటికే పోవచ్చును. పేరైనచో ముందు దాని అక్షరములను తరిగి, కలిపి, ఒక సంఖ్యగా మార్చవలెను. ‘హ్యాష్’ అను ఇంగ్లీషు మాటకు వంటింటి అర్థమును ఇదియే.

కాని 74కు కూడ శేషము 2 గదా! రెండింటిని ఒకే గూటిలో గొలుసుగా కట్టవచ్చునని లూన్ సూచించినాడు. 1954లో అదే సంస్థలో జీన్ ఆమ్దాల్ మొదలగువారు తరువాతి ఖాళీ గూటిని వాడినారు. ఆ సంగతి తెలియకయే సోవియెట్ దేశమున ఆంద్రేయ్ యెర్షోవ్ కూడ అదే మార్గమును త్రొక్కినాడు.

గీడో వాన్ రాసమ్ 1991లో వెలువరించిన పైథాన్ కూడ ఖాళీ గూటిని చూచుకొను పద్ధతినే అవలంబించినది. అయితే పక్క గూటికి గాక, ఒక సూత్రము ప్రకారము దూరపు గూళ్లకు గెంతును. గూళ్లలో మూడింట రెండు వంతులు నిండునప్పటికి పెద్ద పట్టికకు మారును.

ఇందులోను ఒక అపాయము దాగియున్నది. ఒకే గూటికి పోవు పేర్లను శత్రువు ఏరి పంపినచో, డిక్షనరీ మరల పాత జాబితావలె నత్తనడక నడచును. 2011 చివర ఈ దాడిని బహిరంగముగా వివరించిన పిమ్మట, 2012లో వచ్చిన పైథాన్ 3.3 నుండి పదములను సంఖ్యలుగా మార్చు విధానము ప్రోగ్రాము నడచిన ప్రతిసారి మారునట్లు చేసినారు.

విద్యార్థులు తరచు అడుగు ప్రశ్న యొకటి: పేరు ఉండవలసిన చోట జాబితాను ఉంచిన పైథాన్ ఏల ఒప్పుకొనదు? జాబితాలోని అంశములు తరువాత మారవచ్చును; మారినచో శేషమును మారును. వస్తువు 2వ గూటిలోనే ఉండును. మనము 5వ గూటిలో చేయి పెట్టుదుము.