ఖాన్గీ బడులు - ప్రజాభిప్రాయము

ఖిల్లా ఘణపురము కోటను చూచినవారు గోన గణపారెడ్డిని తలంతురు. కోటను కట్టించినది ప్రభువు. మఱి పల్లెపిల్లలచే ఓనమాలు దిద్దించిన దెవరు? నిజాము పాలనలో పలుచోట్ల ఊరివారే చందాలు వేసికొని పంతులును నిలుపుకొనిరి. అట్టి బడికే ఖాన్గీ పాఠశాల యని పేరు.

సర్కారు దానికి చేయూత నీయకపోగా, 1920 దశకములో అనుమతి లేనిదే బడి తెఱవరాదని విధించెను. ప్రజలు ఊరకుండలేదు. గద్వాల ప్రాంతీయులైన సురవరము ప్రతాపరెడ్డిగారు 1926లో గోలకొండ పత్రికను స్థాపించిరి. 1930లో జోగిపేటయందు వారి యధ్యక్షతను మొదలైన ఆంధ్ర మహాసభలు ఈ నిర్బంధములను తొలగింపుమని కోరినవి.

హైదరాబాదులో 1928లో మాడపాటి హనుమంతరావుగారు మొదలగువారు తెలుగున బోధించు బాలికల పాఠశాలను నెలకొల్పిరి. ఉర్దూ బోధనభాషగాగల ఉస్మానియా విశ్వవిద్యాలయము గుర్తింపు నీయలేదు. అందుచే బాలికలు పూనాలోని కార్వేగారి మహిళా విశ్వవిద్యాలయపు పరీక్షలకు పోవలసివచ్చెను. తమ రాజధానిలో చదివి పరాయిచోటి పట్టము నందుట ఆ తల్లిదండ్రుల కెంత కష్టముగా తోచియుండును!

ప్రజలు కోరినది సర్కారు తొలగిపోవలెనని కాదు; అడ్డు మాని అండ నీయవలెనని. మా యభిప్రాయము నదియే. లెక్క చూచుట వేఱు, గొంతు నొక్కుట వేఱు. ప్రజాధన మందుకొను బడి లెక్క చెప్పితీరవలెను. బీదబిడ్డకు తలుపు తెఱవవలెను. ఈ రెంటికి నొప్పుకొను బడికి సాయము దానము కాదు, ప్రభుత్వము తీర్పవలసిన ఋణము. నేటి ఖాన్గీ బడులనుగూర్చి వాదించు గృహస్థులు ఈ కొలతతో చూతురుగాక.