లోహములోని గాయము - ఎక్సు-కిరణపు కొలత

కొత్తపల్లె మొదలుకొని మన నంద్యాల సీమలో నాపరాళ్లు పరచిన నేలను ఎరుగనివారుండరు. ఆ నేలలో నొక రాతిని పెకలించి, తక్కిన రాళ్ల నడుమ బలవంతముగా ఇరికించినచో ఒకచోట గుంటయు, వేరొకచోట ఉబ్బును ఏర్పడును. అణు రియాక్టరులోని లోహమునకు కలుగు హాని ఇట్టిదే. లోహమున పరమాణువులు వరుసలు తీరియుండును. వేగముగల న్యూట్రానులు తాకినపుడు కొన్ని తమ తావులు వీడి, ఇతర పరమాణువుల సందులలో చొరబడును. న్యూట్రానులవలన ఇట్టి హాని కలుగునని 1942లోనే యూజీన్ విగ్నరు ముందుగా ఊహించెను.

కంటికి కానరాని ఈ గాయమును కొలుచుట ఎట్లు? ఆ చరిత్రనే మేము ఇచ్చట శ్రోతలకు వివరింపదలచితిమి.

1895లో రాంట్‌జన్ కనుగొనిన ఎక్సు-కిరణములు ఇందుకు సాధనములైనవి. స్ఫటికముపై పడిన కిరణములు ఏ కోణమున మరలునో గమనించి, పరమాణు వరుసల నడిమి ఎడమును గణింపవచ్చునని 1913 నాటికి బ్రాగ్ తండ్రీకొడుకులు నిరూపించిరి.

1958లో అమెరికాలోని ఇలినాయ్ విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు సిమన్సు, బలుఫీ ఒక పరీక్ష ప్రకటించిరి. చెదరిన పరమాణువులు మరల కదలకుండుటకై వారు రాగిని సున్నకు దిగువ సుమారు 263 సెంటిగ్రేడు డిగ్రీల వరకు చల్లబరచి, దానిపై బరువైన హైడ్రోజను కేంద్రకములను ప్రయోగించిరి. పిదప ఎక్సు-కిరణములతో వరుసల ఎడమును కొలిచిరి. రాగి పొడవును, ఈ ఎడమును ఒకే పాళ్లలో పెరుగునని తేలినది. అనగా చొరబడిన పరమాణువులును, అవి విడిచిన ఖాళీలును సమసంఖ్యలో లోపలనే నిలిచినవన్నమాట. 1960లో వారే అల్యూమినియమును వేడిచేసి కొలువగా, ఎడముకంటె పొడవే హెచ్చుగా పెరిగినది. అచ్చట పరమాణువులు వెలుపలి అంచులకు చేరి క్రొత్త వరుసలు కట్టగా, లోపల ఖాళీలు మిగిలినవి. ఇట్లు రెండు కొలతలను సరిపోల్చినచో గాయపు స్వరూపము తెలియును.

ఈ విద్య మనకు దూరమైనది కాదు. 1971లో హైదరాబాదున నెలకొల్పబడిన న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్సు, రియాక్టరులకై జిర్కోనియపు మిశ్రలోహ గొట్టములను తయారుచేయుచున్నది. జిర్కోనియము న్యూట్రానులను మిక్కిలి కొద్దిగా మాత్రమే పీల్చుకొనును. కావుననే దానిని ఎన్నుకొనిరి. కాని న్యూట్రానుల తాకిడికి దాని స్ఫటికము ఒక దిక్కున సాగి, మరొక దిక్కున కుంచించుకొనును. గొట్టములోని స్ఫటికములు అధికముగా ఏ దిక్కునకు తిరిగియున్నవో ఎక్సు-కిరణములు తెలుపును. దానినిబట్టి గొట్టము ఏ వైపు సాగునో ముందే అంచనా వేయుదురు. ఆ సాగుదలకు తగిన చోటు విడువనిచో, ఏండ్లు గడచిన కొలది గొట్టము తన ఆధారములనే ఒత్తును. అందుచేత ఈ కొలత ఇంజనీరునకు కాపలాదారు వంటిది.