తుపాకి దొరికింది, మోసిన భుజం ఏదీ?

పెడనలో పాత సామాన్లు కొనేవాళ్ళు తరచు తిరుగుతుంటారు. అద్దకం పనిచేసే ఇళ్ళలో అరిగిపోయిన టేకు అచ్చులు, ఇత్తడి గంగాళాలు, తాతలనాటి భోషాణాలు వాళ్ళకి కావాలి. కొన్నేళ్ళ కిందట అలా వచ్చినాయన ఒకరు టీ కొట్టు దగ్గర నన్నడిగాడు. "ఇక్కడ కంపెనీ కాలం తుపాకులేమన్నా వున్నాయా మాస్టారూ? పేలకపోయినా పర్లేదు. గోడకి పెట్టుకునేవాళ్ళు మంచి రేటిస్తారు." నేను నోరు తెరిచేలోగా చుట్టూ వున్నవాళ్ళు జమీందారీ బంగళాల పేర్లు, మోతుబర్ల ఇంటిపేర్లు చెప్పటం మొదలెట్టారు. ఒక్కరు కూడా మా పల్లె వైపు చెయ్యి చూపించలేదు. నేనూ చూపించలేదు. మా పల్లెలో తాతలనాటి తుపాకి వుండదని నాకు తెలుసు.

ఇంటికొచ్చాక ఒక ప్రశ్న పట్టుకుంది. ఇంట్లో తుపాకి లేని జనం తుపాకి ఎన్నడూ పట్టని జనమేనా?

పెడన పక్కనే బందరు. 1759 ఏప్రిల్ 7 అర్ధరాత్రి కర్నల్ ఫోర్డ్ సైన్యం ఫ్రెంచివాళ్ళ చేతిలో వున్న బందరు కోట మీద పడింది. తెల్లారేసరికి కోట ఇంగ్లీషువాళ్ళదైంది. మే 14న సలాబత్ జంగ్ ఒప్పందం మీద సంతకం పెట్టాడు. ఉత్తర సర్కార్లలో కంపెనీ పరిపాలనకి అక్కడే పునాది పడింది. మన పాఠ్యపుస్తకాల్లో దీనికి ఒక వాక్యం వుంటుంది, "ఫోర్డ్ బందరును జయించెను" అని. ఫోర్డ్ ఒక్కడే జయించాడా? ఆయన వెంట తెల్లవాళ్ళు కొన్ని వందలమంది. దేశీ సిపాయీలు సుమారు 1400 మంది. లోపల ఫ్రెంచి జెండా కింద నిలబడ్డవాళ్ళలోనూ సిపాయీలే ఎక్కువ. బురదలో నడిచిందీ, గోడెక్కిందీ, చచ్చిందీ ఎక్కువగా ఈ దేశపు మనుషులే. వాళ్ళ పేర్లు ఏ పాఠంలోనూ లేవు.

దీనికి ముందే ఇంకోటి జరిగింది. 1756లో కలకత్తాని తిరిగి పట్టుకోటానికి క్లైవ్ మద్రాసు నుంచి ఓడలెక్కించి తీసుకెళ్ళిన సిపాయీల్ని బెంగాలు జనం "తిలంగాలు" అన్నారు. తెలుగు తీరం నుంచి వచ్చినవాళ్ళని అర్థం. ఆ మాట స్థిరపడిపోయి, వుత్తరాదిలో సిపాయి అంటేనే తిలంగా అయింది. 1857లో ఢిల్లీ వీధుల్లో తిరగబడ్డ సిపాయీల్ని కూడా అక్కడి జనం తిలంగాలనే పిలిచారు. వాళ్ళలో తెలుగువాడు ఒక్కడూ లేకపోయినా ఆ పేరు మాత్రం మనది! తెలుగుజాతి పౌరుషం గురించి వుపన్యాసాలు దంచే మన పెద్దలకి ఈ మాట ఎందుకు గుర్తుకు రాదో ఆలోచించాలి. ఆ తిలంగాల్లో ఎవరెవరున్నారో బయటపడితే పౌరుషానికి కులం అంటుకుంటుందని భయం కావచ్చు.

ఎవరున్నారు? బెంగాలు సైన్యం బ్రాహ్మణుల్నీ రాజపుత్రుల్నీ ఏరి తీసుకుంది. మద్రాసు సైన్యం అలా కాదు. ముస్లింలు, తెలుగు తమిళ శూద్ర కులాలు, వాళ్ళతో పాటు మాలలు, పరయలు, క్రైస్తవంలోకి వెళ్ళిన అంటరాని కులాల వాళ్ళు అందులో చేరారు. 1780లో పయొనీర్లుగా పుట్టి తర్వాత మద్రాసు శాపర్లు అండ్ మైనర్లు అయిన దళంలో అయితే ఈ అట్టడుగు కులాలవాళ్ళే పెద్దసంఖ్యలో వుండేవాళ్ళు. రోడ్డు వెయ్యటం, వంతెన కట్టటం, కోటగోడ కింద సొరంగం తవ్వటం వాళ్ళ పని. పార పట్టినవాడి చేతికే తుపాకీ ఇచ్చారు.

ఇప్పుడు తుపాకి సంగతి చూద్దాం. పాత మస్కెట్లు సేకరించేవాళ్ళకి వాటి మీద వున్న గుర్తులే ప్రాణం. కంపెనీ చెకుముకి తుపాకి గొట్టం 39 అంగుళాలు, లోపలి వ్యాసం ముప్పావు అంగుళం, బరువు దాదాపు నాలుగున్నర కిలోలు. మూతిలోంచి మందూ గుండూ పోసి గజంతో దట్టించాలి. ఆరితేరినవాడు నిమిషానికి మూడుసార్లు పేలుస్తాడు. వంద గజాలు దాటితే గురి దేవుడెరుగు. మీట పైనున్న ఇనప రేకు మీద గుండె ఆకారంలో కంపెనీ ముద్ర వుంటే అది 1808కి ముందుది, కిరీటం పట్టుకుని నిలబడ్డ సింహం వుంటే ఆ తర్వాతది. సేకరించేవాళ్ళు ఇది చూడగానే చెప్తారు. మడమకి వేసిన ఇత్తడి రేకు మీద పటాలం గుర్తూ, తుపాకి నెంబరూ చెక్కి వుంటాయి. భూతద్దం పెట్టి అవి కూడా చదువుతారు. ఏ పటాలం, ఏ కంపెనీ, ఎన్నో నెంబరు అని.

ఆ నెంబరు ఎవరిది? దాన్ని ఒక మనిషికి అప్పజెప్పారు. అతను రోజూ దాన్ని తుడిచాడు, నూనె పెట్టాడు, పోగొడితే శిక్ష అనుభవించాడు. తుపాకి పుట్టిన వూరు, తయారుచేసిన కార్ఖానా అన్నీ రాసే కేటలాగు అక్కడికొచ్చేసరికి ఆగిపోతుంది. మ్యూజియంలో అద్దాల పెట్టె ముందు మా పిల్లల్ని నిలబెట్టి చూపించాను ఒకసారి. చీటీ మీద "మస్కెట్, 19వ శతాబ్దం" అని వుంది. అంతే. ఒక పిల్ల అడిగింది, "ఇది ఎవరు కాల్చారు సార్?" అని. చరిత్రలో ఇంతకన్నా పెద్ద ప్రశ్న లేదు.

తోలు సంగతి కూడా చెప్పుకోవాలి. చెకుముకి రాయిని ఇనప దవడల మధ్య బిగించాలంటే చుట్టూ చిన్న తోలుముక్క చుట్టాలి. లేకపోతే రాయి జారిపోతుంది, నిప్పురవ్వ పడదు. తూటాల సంచి తోలు, భుజం పట్టీ తోలు, బాయినెట్టు ఒర తోలు, కాలి జోడు తోలు. పశువు చర్మం ఊనేవాడు, కోసేవాడు, కుట్టేవాడు లేకుండా ఏ పటాలమూ కదలదు. తోలు ముట్టుకోని కులం తుపాకి ఎలా ముట్టుకుందో ఆ కులమే చెప్పాలి.

1857 గొడవకి కారణం కొవ్వు పూసిన తూటాలని అందరం చదువుకున్నాం. ఆ ఏడు జనవరిలో డమ్‌డమ్‌లో ఆయుధాగారం ఖలాసీ ఒకతను దాహమై బ్రాహ్మణ సిపాయిని చెంబుతో నీళ్ళడిగాడు. అంటరానివాడికి ఇవ్వనన్నాడు సిపాయి. ఆవుకొవ్వు, పందికొవ్వు తూటాలు నోటితో కొరికేటప్పుడు నీ కులం ఎక్కడికి పోతుందని ఖలాసీ ఎదురడిగాడు. ఇది ఇంగ్లీషు అధికారి రిపోర్టులోనే వుంది. దళిత చరిత్రకారులు ఆ ఖలాసీని మాతాదీన్ భంగీగా గుర్తుపెట్టుకున్నారు. మిగతా చరిత్రకి తూటా గుర్తుంది, దాహం గుర్తులేదు.

ఆ తిరుగుబాటు తర్వాత దొరలు తుపాకుల్లోనే తేడా పెట్టారు. 1853 నమూనా ఎన్‌ఫీల్డ్ రైఫిలుకి గొట్టం లోపల మెలితిరిగిన గాడులుంటాయి. అందుకే దూరం కొడుతుంది, గురి తప్పదు. 1858 తర్వాత దేశీ సిపాయీలకి పైకి అచ్చం అలాగే వుండి, లోపల గాడుల్లేని నున్నటి గొట్టం తుపాకి ఇచ్చారు. తెల్లవాడి తుపాకి కన్నా మనవాడి తుపాకి ఎప్పుడూ ఒక మెట్టు కింద వుండాలన్నమాట. ఈ రెంటి తేడా సేకరణదారులకి బాగా తెలుసు, ధరలో తేడా వుంటుంది కాబట్టి. తిరగబడింది బెంగాలు సైన్యం. మద్రాసు సైన్యం చాలావరకు తిరగబడలేదు. అయినా శిక్ష ఇద్దరికీ పడింది.

అసలు దెబ్బ తర్వాత తగిలింది. 1881 నుంచి మద్రాసు సేనాధిపతిగా, 1885 నుంచి భారత సేనాధిపతిగా వున్న రాబర్ట్స్ దక్షిణాదివాళ్ళలో యుద్ధగుణం చచ్చిపోయిందని తీర్మానించాడు. "యుద్ధజాతులు" అనే సిద్ధాంతం వచ్చింది. పంజాబీలు, గూర్ఖాలు, పఠాన్లు పైకొచ్చారు. తెలుగువాళ్ళని తగ్గించుకుంటూ పోయారు. 1890ల మొదట్లోనే మహర్లకి కూడా తలుపు మూశారు. 1894లో గోపాల్‌బాబా వలంగ్‌కర్ దీనిమీద అర్జీ పెట్టాడు. డా. అంబేడ్కర్ 1891లో మౌ కంటోన్మెంటులో పుట్టాడు, సుబేదార్ రాంజీ కొడుకు. సైన్యం అంటరానివాళ్ళకి జీతంతో పాటు చదువు కూడా ఇచ్చిందని, ఆ తలుపు మూయటమంటే బడి తలుపు మూయటమేనని ఆయన పదే పదే చెప్పాడు. 1927 జనవరి 1న ఆయన కోరెగాం స్తంభం దగ్గరికి వెళ్ళాడు. 1818 యుద్ధంలో చనిపోయిన మహర్ సిపాయీల పేర్లు ఆ రాతి మీద వున్నాయి. బందరు కోటలో మనకి అలాంటి రాయి లేదు. 1864 నవంబరు 1 వుప్పెనలో బందరు ప్రాంతంలో సుమారు 30 వేలమంది పోయారు. ఆ తర్వాత కోటలో దండూ లేకుండా పోయింది.

కంపెనీ కొలువు చెయ్యటం గర్వపడే సంగతా అని అడిగే మిత్రులున్నారు. అడగాల్సిందే. 1879 రంప తిరుగుబాటులో కొండజనం మీదికి వెళ్ళింది మద్రాసు సైన్యమే. కానీ ఈ ప్రశ్న అందర్నీ అడగాలి. మా జిల్లా భట్లపెనుమర్రులో పుట్టిన పింగళి వెంకయ్య ఇంగ్లీషు సైన్యంలో బోయరు యుద్ధానికి వెళ్ళాడని గొప్పగానే చెప్పుకుంటాం. 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు దళం చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి స్టేషన్ల నుంచి పట్టుకెళ్ళిన తుపాకులు 26 అని లెక్కతో సహా చెప్పుకుంటాం. లెక్క తెలీనిది మావాళ్ళ తుపాకులకే.

మరి పెద్దిళ్ళకి ఆ తుపాకులు ఎలా చేరాయి? 1878 ఆయుధాల చట్టం మామూలు మనిషి చేతిలో తుపాకి లేకుండా చేసింది. తెల్లవాళ్ళకీ పెద్ద జమీందార్లకీ మినహాయింపులు ఇచ్చింది. లైసెన్సు కావాలంటే కలెక్టరు దగ్గర పరపతి వుండాలి. స్వతంత్రం వచ్చాక 1959 చట్టం వచ్చింది. నిజంగా పంట కాపాడుకోటానికైతే మూతిమందు తుపాకికి లైసెన్సివ్వొచ్చంది. బాగానే వుంది. పంట ఎవరిది? భూమి ఎవరిది? కౌలుకి కూడా భూమి పుట్టని మాల, మాదిగ కూలీ ఏ పంట చూపించి తుపాకి అడగాలి? ఇదే చట్టం 45వ సెక్షన్లో, బాగుచేసినా పేలని పాతకాలపు తుపాకులకి చట్టం వర్తించదు. గోడకి వేలాడే తుపాకులు ఆ సందులోంచి బతికిపోయాయి. 2019 సవరణలో ఒక మనిషికి మూడు తుపాకుల హద్దుని రెండుకి దించారు. వారసత్వంగా వచ్చిన తుపాకుల ప్రస్తావన అందులోనూ వుంది. వారసత్వం అనే మాట వినగానే ఎవరి ఇల్లు గుర్తుకొస్తుందో చెప్పక్కర్లేదు.

ఇదంతా పాత ఇనుము కబుర్లనుకోవద్దు. 1985 జులై 17 కారంచేడులో, 1991 ఆగస్టు 6 చుండూరులో మనవాళ్ళని నరికినవాళ్ళకి తుపాకులు అవసరం కూడా రాలేదు. గొడ్డళ్ళు, బరిసెలు సరిపోయాయి. ఆ తర్వాత 1995లో వచ్చిన అత్యాచారాల నిరోధక నియమాల్లో మూడోది చదవండి. అత్యాచారాలు జరిగే ప్రమాదమున్న చోట దళితులు, ఆదివాసులు కానివాళ్ళ ఆయుధ లైసెన్సులు రద్దుచేసి, ఆయుధాలు సర్కారు ఆయుధాగారంలో పెట్టించాలి. అవసరమైతే దళితులకి, ఆదివాసులకి లైసెన్సులివ్వాలి. అక్షరాలా వుంది. మీ మండలంలో ఈ నియమం కింద ఎన్ని లైసెన్సులు రద్దయ్యాయి, ఎన్ని ఇచ్చారు? అర్జీ పెట్టి అడగండి. మీకొచ్చిన జవాబు ఈ పత్రికకి రాయండి.

మా పల్లెలో మిలట్రీ తాత అని ఒకాయన వుండేవాడు. రెండో ప్రపంచయుద్ధంలో చేసొచ్చాడు. ఆయన బతికుండగా ఒకసారి అడిగాను, "తాతా, నీ తుపాకి నెంబరు గుర్తుందా?" అని. తడుముకోకుండా చెప్పాడు. ఇంటి నెంబరు అడిగితే తెలీదన్నాడు, మనవడు పుట్టిన సంవత్సరం అడిగితే తెలీదన్నాడు. తుపాకి నెంబరు మాత్రం పాఠం అప్పజెప్పినట్టు చెప్పాడు. "మరి ఆ తుపాకి ఏమైంది తాతా?" అన్నాను.

"ఏమౌద్దిరా, వాళ్ళదే కదా. తుడిచి, నూనె రాసి అప్పజెప్పి, ఏలిముద్దరేసి రైలెక్కా" అన్నాడు.

ఆ నెంబరు నేను రాసుకోలేదు.