బ్రౌజర్లు వదిలేసిన రెండు గడులు

1993 నవంబరులో, వెబ్ అంటే ఏమిటో విశ్వవిద్యాలయాల బయట చాలామందికి తెలియని రోజుల్లో, బ్రిస్టల్‌లోని హెచ్‌పీ ప్రయోగశాలలో పనిచేస్తున్న డేవ్ రాగెట్ 'హెచ్‌టీఎంఎల్ ప్లస్' అనే ముసాయిదా రాశారు. వెబ్ పేజీలో దరఖాస్తు ఫారం పెడితే అందులో ఏయే రకాల గడులు ఉండవచ్చో ఆ ముసాయిదాలో ఒక జాబితా ఉంది. మామూలు రాతకు ఒక గడి, పాస్‌వర్డ్‌కు ఒకటి, అంకెలకు, తేదీకి, వెబ్ చిరునామాకు విడివిడిగా గడులు. ఇక్కడిదాకా ఎవరైనా ఊహించగలిగేవే. వీటి పక్కనే మరో రెండు గడులు ఉండటం చూస్తే మాత్రం ఆశ్చర్యమూ ఆనందమూ ఒకేసారి కలుగుతాయి. మొదటిది స్క్రిబుల్. తెర మీద ఒక బొమ్మ పెట్టి, దాని మీద మౌస్‌తోనో ఎలక్ట్రానిక్ కలంతోనో గీయనిచ్చే గడి. రెండోది ఆడియో. చెప్పదలచుకున్నది నోటితో చెప్తే ఆ గొంతునే ఫారంతోపాటు పంపే గడి. మన దేశంలో వీఎస్‌ఎన్‌ఎల్ సామాన్యులకు ఇంటర్నెట్ ఇచ్చింది 1995 ఆగస్టు 15న. అంటే మనకు వెబ్ రాకముందే వెబ్ ఫారంలో చేతిరాతకూ గొంతుకూ చోటు రాసిపెట్టి ఉంది. మూడు దశాబ్దాలు దాటాయి. ఆ జాబితాలోని తేదీ గడి, అంకెల గడి తిరిగొచ్చాయి కానీ ఈ రెండూ రాలేదు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల వైపు నుంచి చూస్తే, కలింగాంధ్రకు బాగా పనికొచ్చే గడులు సరిగ్గా ఇవే.

ఆ రెండేళ్ల కాలాన్ని, 1993 నుంచి 1995 దాకా, కాస్త నిదానంగా చూడాలి. ఈ రోజు మనం నొక్కుతున్న మూల గడులన్నీ అప్పుడే తేలాయి. అంతకుముందు వెబ్ పేజీలో పాఠకుడు రాయడానికి ఉన్నది ఇజిండెక్స్ అనే ఒకే ఒక్క వెతుకులాట గడి. 1993లో అమెరికాలోని ఎన్‌సీఎస్‌ఏ వారి మొజాయిక్ బ్రౌజర్ ఫారాలకు దారి తీసింది. అందులోని గడుల పుట్టుక చూస్తే ఒక సంగతి తెలుస్తుంది. టిక్ పెట్టే చదరం కాగితం దరఖాస్తు నుంచి వచ్చింది. ఒకటి నొక్కితే మిగతావన్నీ పైకి లేచే రేడియో బటన్ పాత కార్లలోని రేడియో మీటల నుంచి వచ్చింది, పేరుతో సహా. రాసే గడి టైపు మిషన్ నుంచి వచ్చింది. అంటే కాగితం, కారు, టైపు మిషన్ అప్పటికే ఉన్న సమాజం తన దగ్గరున్న సామాను తెరమీదకు ఎక్కించుకుంది. రాగెట్ ఆ సామాను దాటి ఆలోచించారు. 1995 మార్చిలో వచ్చిన హెచ్‌టీఎంఎల్ 3.0 ముసాయిదాలో స్క్రిబుల్ మళ్లీ కనిపిస్తుంది. బొమ్మ చూపలేని, గీతలు గీయనివ్వలేని బ్రౌజర్ అయితే ఆ గడిని మామూలు రాత గడిగా చూపించాలని అందులో చక్కగా చెప్పారు. కలం ఉన్నవాడు గీస్తాడు, లేనివాడు టైపు చేస్తాడు, ఎవరి ఫారమూ ఆగిపోదు. ఇంత మర్యాద ఉన్న ఏర్పాటు సాంకేతిక పత్రాల్లో అరుదుగా కనిపిస్తుంది. ఆరు నెలలకు ఆ ముసాయిదా గడువు తీరిపోయింది, దాన్ని ఎవరూ పొడిగించలేదు. 1995 నవంబరులో ప్రమాణంగా వెలువడిన హెచ్‌టీఎంఎల్ 2.0, బ్రౌజర్లు అప్పటికే చేస్తున్నదాన్ని నమోదు చేసింది. రాత, పాస్‌వర్డ్, టిక్ చదరం, రేడియో బటన్, బొమ్మ, దాచిన గడి, పంపే మీట, చెరిపే మీట: ఎనిమిదే ఎనిమిది. అదే నెలలో ఫైలు జతచేసే గడికి విడిగా ఒక పత్రం వచ్చింది. నెట్‌స్కేప్ బ్రౌజర్ జోరులో ఎవరికీ ముసాయిదాలు చదివే తీరిక లేకపోయింది.

తర్వాతి ఇరవై ఏళ్ల కథ త్వరగానే చెప్పేయవచ్చు. 1997 డిసెంబరు నాటి హెచ్‌టీఎంఎల్ 4 ఫారాలకు లేబుళ్లు, గుంపులు ఇచ్చింది కానీ కొత్త రకం సమాచారానికి దారి తీయలేదు. 2003లో ఎక్స్‌ఫార్మ్స్ అనే బరువైన ప్రమాణం వచ్చింది, బ్రౌజర్లు దాన్ని పట్టించుకోలేదు. 2004 జూన్‌లో మొజిల్లా, ఒపెరా, ఆపిల్ మనుషులు వాట్‌డబ్ల్యూజీ అనే బృందంగా ఏర్పడి, ఇయాన్ హిక్సన్ సంపాదకత్వంలో వెబ్ ఫార్మ్స్ 2 పని చేపట్టారు. అదే పెరిగి హెచ్‌టీఎంఎల్ 5గా 2014 అక్టోబరు 28న ప్రమాణమైంది. ఈమెయిల్, ఫోన్ నంబరు, అంకెలు, జరుపుడు పట్టీ, తేదీ, సమయం, రంగు గడులు డెవలపర్ల చేతికొచ్చాయి. తేదీ గడి ఒక్కటి చూస్తే చాలు, ఈ ప్రయాణం ఎంత నెమ్మదో తెలుస్తుంది. 1993 ముసాయిదాలో ఉన్న తేదీ గడి క్రోమ్‌లో 2012లో, ఫైర్‌ఫాక్స్‌లో 2017లో, మ్యాక్ కంప్యూటర్ల సఫారీలో 2021లో క్యాలెండరుతో కనిపించింది. ఇరవై ఎనిమిదేళ్లు! ఆ వచ్చింది కూడా రోజు, నెల, ఏడు మూడూ తెలిసినవాళ్లకే పనికొస్తుంది. పుట్టిన ఏడు మాత్రమే తెలిసిన ముసలివాళ్లు మన పల్లెల్లో ఎందరో ఉన్నారని గుర్తించి ఆధార్ కార్డు వట్టి సంవత్సరాన్ని కూడా ఒప్పుకుంది. బ్రౌజర్ తేదీ గడి ఇప్పటికీ ఒప్పుకోదు.

గడి ఎవరి కొలతతో కుట్టారో తెలియాలంటే అక్షరాల లెక్క దగ్గర ఆగాలి. ఫారంలో ఒక గడికి ఇన్ని అక్షరాలే అని డెవలపర్ హద్దు పెట్టవచ్చు. శ్రీకాకుళం అని రాసి చూడండి. మన కంటికి శ్రీ, కా, కు, ళం, నాలుగే. బ్రౌజర్ మాత్రం శ, పొల్లు, ర, గుడిదీర్ఘం అంటూ విడదీసి పది లెక్కపెడుతుంది. పార్వతీపురం మనకు ఐదు, దానికి పదకొండు. ఇంగ్లీషులో రాసినా శ్రీకాకుళానికి పది అక్షరాలే కదా, తెలుగుకు జరిగిన అన్యాయం ఏముంది అని ఎవరైనా అడగవచ్చు. అది న్యాయమైన ప్రశ్నే. తెలుగు దాకా ఇబ్బంది కొద్దిపాటిదే. మనిషి చూసే లెక్కా యంత్రం చెప్పే లెక్కా వేరు కావడంతో 'మీ పేరు పెద్దదైంది' అన్న హెచ్చరిక ఎందుకొచ్చిందో రాసేవారికి అర్థం కాదు, అంతే. కలింగాంధ్ర కొండల్లోని సవర గిరిజనుల దగ్గరికి వెళ్తే ఇబ్బంది నిజంగా రెట్టింపవుతుంది. సవర భాషకు 1936లో మాంగేయ్ గొమాంగో ఒడిశా సరిహద్దు వైపు సొరంగ్ సొంపెంగ్ అనే లిపి తయారుచేశారు. 2012లో అది కంప్యూటర్ల ఉమ్మడి అక్షర పట్టిక యూనికోడ్‌లో చేరింది. చేరిన చోటు మాత్రం తెలుగు, హిందీ, తమిళం ఉన్న మొదటి వరసలో కాదు, ఆ వరస బయట తెరిచిన అదనపు భాగంలో. ఆ భాగంలోని ప్రతి అక్షరాన్నీ బ్రౌజర్ హద్దు లెక్కలో రెండుగా లెక్కిస్తుంది. ఇరవై అక్షరాలకు హద్దు పెట్టిన పేరు గడిలో సవర లిపి మనిషికి పదే దక్కుతాయి. ఎవరూ కావాలని చేసింది కాదు. అయినా దండన పడేది ఆ మనిషికే.

సవరల మాట వస్తే గిడుగు రామమూర్తి పంతులుగారిని తలవకుండా సాగదు. 1863 ఆగస్టు 29న శ్రీకాకుళం దగ్గర, వంశధార తీరాన పర్వతాలపేటలో పుట్టారు. విజయనగరంలో గురజాడ అప్పారావుతో కలిసి చదివారు. పర్లాకిమిడిలో ఉపాధ్యాయులై, సవరలు సంతలకు వచ్చిపోయే ఆ ఊళ్లో వాళ్ల భాష నేర్చుకోవాలని పూనుకున్నారు. నేర్పడానికి పుస్తకం లేదు, లిపి లేదు. సవర భాష తెలిసినవాణ్ని ఇంట్లో పెట్టుకుని, అతని నోటి నుంచి విని, విన్నదాన్ని రాసుకుని, మళ్లీ అతని చేత పలికించి సరిచూసుకున్నారు. ఏళ్ల తరబడి చేసిన ఆ పని నుంచే 1931లో సవర భాషా వ్యాకరణ గ్రంథం, 1938లో సవర ఇంగ్లీషు నిఘంటువు వెలువడ్డాయి. 1931 పుస్తకం పేరులోనే సవర అనే మాటలోని దీర్ఘాన్ని చూపడానికి అచ్చు పక్కన రెండు చుక్కలు పెట్టాల్సి వచ్చింది. ఉన్న ఇంగ్లీషు అచ్చులు చాలలేదు. ఇక్కడే నా వాదనకు ఆధారం ఉంది. భాషకు లిపి కుదరని చోట, లేదా కుదిరినా ఆ లిపి మనుషుల చేతికి అందని చోట, ముందుగా దక్కించుకోవాల్సింది గొంతు. పంతులుగారికి చెవీ కలమూ ఆ పని చేశాయి. 1993లో రాగెట్ ఊహించిన ఆడియో గడి ఆ పనినే దరఖాస్తు ఫారంలో చేయగలిగేది. సీతంపేట ఏజెన్సీలో సవర మాట్లాడే మనిషి తన అర్జీని తన భాషలోనే పలికి పంపవచ్చు. అవతల సవర తెలిసిన ఉద్యోగి విని తెలుగులో రాసుకోవచ్చు. మధ్యలో కీబోర్డు అవసరమే ఉండదు.

మన తెలుగువాళ్లు చేతులు ముడుచుకుని కూర్చోలేదన్నదీ చెప్పాలి. భారత ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ విభాగం 1986లోనే ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు ప్రమాణం తెచ్చింది. 1990ల తొలినాళ్లలో అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో తెలుగు విద్యార్థులు ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాసే ఆర్‌టీఎస్ పద్ధతి తయారుచేశారు. ఆ దారిలోనే తర్వాత వీవెన్ 'లేఖిని' అనే వెబ్ పేజీ తెచ్చారు. అందులో రెండు గడులు, ఒకదాంట్లో ఇంగ్లీషు అక్షరాలు కొడుతుంటే రెండోదాంట్లో తెలుగు పడుతుంటుంది. తెలుగు వికీపీడియాలో, బ్లాగుల్లో ఒక తరం తెలుగు ఆ రెండు గడుల నుంచే బయటికొచ్చింది. బ్రౌజర్లు ఇవ్వని సాధనాన్ని ఒక భాషవాళ్లు తమంత తాము నిర్మించుకోవడం గర్వించదగ్గ సంగతి. కానీ ఆర్‌టీఎస్, లేఖిని ఇంగ్లీషు అక్షరాలు వచ్చిన చదువరుల కోసం పుట్టినవి. రాతే రానివాళ్లకూ లిపి చేతికందని భాషలకూ అవి దారి కావు.

ఇక అభ్యంతరాలు. 1993లో ఆ గడులు పెట్టడానికి యంత్రాలే సిద్ధంగా లేవు అంటారు. నిజమే. అదే ఏడు ఆగస్టులో వచ్చిన ఆపిల్ న్యూటన్ చేతిరాత చదవలేక విమర్శల పాలైంది. అయితే రాగెట్ గడి చేతిరాతను చదవమనలేదు, గీసిన గీతను ఉన్నదున్నట్టు పంపమంది. అది అప్పటికీ కష్టమైన పని కాదు. రెండో అభ్యంతరం ఇంకా బలమైనది. ఇప్పుడు ఫోను కీబోర్డులోనే మైకు ఉంది, గూగుల్ 2017లో మాట టైపింగును తెలుగుతో కలిపి ఎనిమిది భారతీయ భాషలకు తెచ్చింది, ఇంకా విడిగా గడి దేనికి అంటారు. ఆ మైకు గొంతును రాతగా మారుస్తుంది. మార్చడం వచ్చిన భాషలకే అది పనికొస్తుంది, ఆ జాబితాలో సవర లేదు. ఫోన్లలో భారతీయ భాషలు తప్పనిసరి చేసిన ఐఎస్ 16333 ప్రమాణం కూడా రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని భాషలనే లెక్కలోకి తీసుకుంది. సవర అందులోనూ లేదు. మూడో అభ్యంతరం డెవలపర్లది. ఫైలు గడికి ఒక లక్షణం చేర్చి ఫోన్ మైకు తెరిపించే పద్ధతి 2018లో ప్రమాణమైంది, గీయడానికి కాన్వాస్ అనే పలక ఉంది, కావాలంటే ఎవరైనా కట్టుకోవచ్చు కదా అని. కట్టుకోవచ్చు. కానీ ఆ ఫైలు గడి ఒక్కో ఫోన్లో ఒక్కో తీరుగా నడుస్తుంది, కొన్నింట్లో మైకు బదులు ఫైళ్ల జాబితా తెరుచుకుంటుంది. కాన్వాస్ మీద గీసింది ఫారంలో భాగం కాదు, దాన్ని పంపడానికి విడిగా కోడ్ రాయాలి. 2011లో మొదలైన మీసేవ అయినా, 2019లో వచ్చిన గ్రామ సచివాలయాల పోర్టళ్లయినా కట్టే బృందాలు బ్రౌజర్ ఉచితంగా ఇచ్చే గడులనే వాడతాయి. గడువులు అలాంటివి. బ్రౌజర్‌లో పుట్టుకతో ఉన్న గడే పల్లె దాకా చేరుతుంది. 

ఈ మధ్య కొత్త నియంత్రణల మీద మళ్లీ ఉత్సాహం వచ్చింది. 2024లో సఫారీ టిక్ చదరాన్ని స్విచ్‌లా చూపే సౌకర్యం ఇచ్చింది. 2025లో క్రోమ్ ఎంపిక జాబితాను డెవలపర్ ఇష్టమొచ్చినట్టు అలంకరించుకోనిచ్చింది. మంచి పనులే, డెవలపర్లు ఏళ్లుగా అడుగుతున్నవే. అయినా రెండూ రూపానికి సంబంధించినవి. మనిషి నుంచి కొత్తగా ఏం తీసుకోగలమన్న ప్రశ్నను అవి ముట్టుకోలేదు. ఆడియో గడి ఇప్పుడు పెట్టాలంటే నిర్ణయించాల్సినవి కొన్నే. అక్షరాల హద్దు ఉన్న చోట సెకన్ల హద్దు. మైకు తెరిచే ముందు అనుమతి. పంపే ముందు ఒకసారి విని చూసుకునే మీట. నెట్ సరిగా అందని కొండ ఊళ్ల కోసం రికార్డును ఫోన్లోనే దాచి, సిగ్నల్ వచ్చాక పంపే ఏర్పాటు. గొంతు ఫైళ్లకు చోటు ఎక్కువ కావాలి, వినే ఉద్యోగికి సమయం పడుతుంది అన్నది నిజమే. ఫొటోలూ స్కాన్ చేసిన కాగితాలూ మోస్తున్న సర్వర్లకు ఒక నిమిషం మాట భారమేమీ కాదు. వినే మనిషి మాత్రం కావాలి. సవర వచ్చిన మనుషులను సీతంపేట ఏజెన్సీ సచివాలయాల్లోనే నియమించుకోవచ్చు, ఆ భాష వచ్చిన చదువుకున్న యువతీ యువకులు అక్కడే ఉన్నారు.