రోమా గృహంలో ఉదయ వందనం, మన పల్లెల్లో వందనములు: ఒక చారిత్రక పరిశీలన

ఉపోద్ఘాతం

గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి, మిరప పొలాల నడుమనున్న పల్లెల్లో ఇద్దరు క్రైస్తవులు ఎదురుపడితే మొదట పలికే మాట "వందనాలండీ". ఎదుటివారు కూడా "వందనాలు" అనే బదులిస్తారు. ఈ మాట మనకు బాగా అలవాటైపోయి, దానికి ఒక చరిత్ర ఉన్నదనే సంగతినే మరచిపోయాము. రోమా పత్రిక 16వ అధ్యాయంలోని పేర్లను కూడా మనము తొందరగా చదివి దాటిపోతాము. మొదటి శతాబ్దపు రోమా గృహంలో వందనం ఎట్లు జరిగెనో, పందొమ్మిదవ శతాబ్దంలో మన పల్లెల్లో ఎట్లు జరిగెనో పక్కపక్కన ఉంచి చూడడమే ఈ వ్యాసంలో మా ప్రయత్నం.

రోమా గృహంలో ఉదయ వందనం

రోమా పట్టణంలోని సంపన్నుని ఇంటి ముందు తెల్లవారక మునుపే ఆశ్రితులు టోగా ధరించి కాచుకొని ఉండేవారు. ఈ ఉదయ వందనాన్ని లాటిన్ భాషలో 'సలుతాతియో' అన్నారు. తలుపు తెరిచిన తరువాత వారిని 'ఏట్రియం' అనే నడిమి హాలులోనికి రానిచ్చేవారు. పైకప్పు మధ్యలో ఆకాశానికి తెరచి ఉండి, క్రింద వాననీటి తొట్టి గల ఈ హాలు మన మండువా లోగిలిని తలపిస్తుంది. వచ్చిన వాని పేరును యజమానికి గుర్తు చేయడానికి ప్రత్యేకంగా ఒక దాసుడు ఉండేవాడు. ఆశ్రితుడు వందనం చెల్లించి 'స్పోర్తుల' అనే కానుక పుచ్చుకొనేవాడు. మొదట అది భోజనపు బుట్ట. తరువాత డబ్బుగా మారింది. మొదటి శతాబ్దం చివరలో కవి మార్షల్ చెప్పిన మొత్తం 100 క్వాడ్రాంటులు. మార్కు 12:42లో పేద విధవరాలు వేసిన రెండు కాసుల విలువ అట్టి ఒక్క క్వాడ్రాంటే.

వందనం చేసే వారందరూ సమానులు కారు. గాయుస్ గ్రాకుస్, లివియుస్ ద్రూసుస్ అనే నాయకులు తమ స్నేహితులను తరగతులుగా విభజించి, కొందరిని ఏకాంతంగా, కొందరిని కొద్దిమందితో, తక్కిన వారిని గుంపుగా కలిసేవారని తత్త్వవేత్త సెనెకా వ్రాశాడు. భోజనపు బల్ల దగ్గర కూడా ఇదే వరుస. ఒక ఇంట అతిథుల అంతస్తును బట్టి మూడు రకాల ద్రాక్షారసం వడ్డించారని చిన్న ప్లీనీ తన లేఖలో తప్పుపట్టాడు. 1 కొరింథీ 11:20-22, యాకోబు 2:1-4 ఈ నేపథ్యంలో చదువదగినవి. ఆ గద్దింపులు ఊహాజనితమైనవి కావు. సంఘములు కూడుకొన్నది ఇట్టి మర్యాదలకు అలవాటుపడిన ఇండ్లలోనే.

పౌలు చెప్పించిన వందనములు

సుమారు క్రీ.శ. 57లో వ్రాయబడిన రోమా పత్రిక చివరి అధ్యాయంలో, 3 నుండి 16 వరకు గల వచనాలలో, వందనం చేయుడనే గ్రీకు ఆజ్ఞ 16 మార్లు వస్తుంది. ఆనాటి లోకంలో వందనం క్రింది నుండి పైకి వెళ్ళేది. ఇక్కడ సంఘమంతా ఒక్కొక్కరికి వందనం చెప్పాలి. అంప్లీయతు, పెర్సిసు, హెర్మే, నేరియ అనే పేర్లు ఆనాటి శాసనాలలో తరచుగా దాసులకు, విడుదల పొందిన వారికి కనబడే పేర్లు. మరొక విశేషం గమనించాలి: పౌలు నార్కిస్సుకు వందనం చెప్పలేదు, అతని ఇంటివారిలో ప్రభువునందున్న వారికి చెప్పాడు. యజమాని వాకిట కాచుకొనవలసిన వారే ఇక్కడ పేరు పేరున వందనం అందుకొన్నారు. ఆ వరుస ముగింపులో పవిత్రమైన ముద్దు ఉన్నది. సుమారు 155లో జస్టిన్ వ్రాసిన దానిని బట్టి, ప్రార్థన ముగిసిన పిమ్మట విశ్వాసులు ఒకరినొకరు ముద్దుపెట్టుకొనేవారు.

అయితే పౌలు ఇండ్లను కూలద్రోయలేదు. అకుల, ప్రిస్కిల్లల ఇల్లు సంఘానికి నిలయమైంది. ఫీబేను గూర్చి వాడిన గ్రీకు మాటకు పోషకురాలు అనే అర్థం ఉన్నది. ఇల్లు ఉన్నది, ఇంటిలోని వందనపు దిశ మారింది.

మన పల్లెల్లో

పందొమ్మిదవ శతాబ్దంలో మన మైదానంలోని మాల, మాదిగలు ఆసామి అరుగు ఎక్కరాదు. చెప్పులు విడిచి, తలగుడ్డ తీసి, దూరాన నిలిచి "దండం దొరా" అనవలసినదే. ఆ చెప్పులు కుట్టినవాడు సహితం వాటిని తొడిగి ఊరి వీధిలో నడువరాదు.

జాన్ ఎవరెట్ క్లౌ 1866లో ఒంగోలుకు వచ్చాడు. 1867 జనవరి 1న ఎనిమిది మందితో అక్కడ సంఘం ఏర్పడింది. మాదిగలను చేర్చుకొంటే తమ పిల్లలను బడి మాన్పిస్తామని అగ్రవర్ణాలవారు చెప్పినప్పుడు, క్లౌ, ఆయన భార్య వేరు వేరు గదులలో ఒకే భాగాన్ని, అనగా 1 కొరింథీ 1:26-29ని, తెరచి చదివినట్లు ఆయన ఆత్మకథ చెబుతున్నది. ఆ వాక్యమే వారి నిర్ణయమైంది. విశ్వాసులు విగ్రహపూజ, చచ్చిన పశువు మాంసం, ఆదివారపు పని మానాలి. గ్రామ జాతరలలో డప్పు కొట్టమని చెప్పినందుకు వారు హింసలు పడ్డారు. 1878 జూలై 3న వెల్లంపల్లి వద్ద గుండ్లకమ్మ నదిలో 2,222 మంది బాప్తిస్మం పొందినప్పుడు, ఇచ్చిన చేతులు తెలుగు బోధకులవి. ఇద్దరిద్దరు చొప్పున ఆరుగురు బోధకులు ఆ పని చేశారు. ఎవరూ తాకని వారిని తమవారే చేయి పట్టి నీటిలోనికి దింపారు.

కాని ఒక విషయం దాచకూడదు. 1876-78 కరువులో బకింగ్‌హాం కాలువ పనిలో కొంత భాగాన్ని కాంట్రాక్టు తీసుకొని వేలమందికి కూలి ఇప్పించిన క్లౌను ప్రజలు పిలిచింది "క్లౌ దొర" అనే. పాత దొర వాకిలి మూసుకొన్నవారికి బంగళా వాకిలి తెరచుకొన్నది. అది ప్రాణాలు నిలిపిన ఉపకారమే. అయినా వాకిట నిలిచే అలవాటు పోలేదు.

ఊరి మర్యాద సంగతి కూడా అంతే. 1991లో నాటి గుంటూరు జిల్లా చుండూరులో, సినిమా హాలులో ఒక దళిత యువకుని కాలు తగిలిందనే తగాదా పెరిగి, ఆగస్టు 6న ఎనిమిది మంది దళితుల హత్యకు దారితీసింది. మర్యాద చిన్న విషయమని ఎవరైనా అంటే చుండూరును జ్ఞాపకం చేసుకోవాలి.

ముగింపు

నేడు మన ఇంటి వరండాలో సిఫారసు ఉత్తరం కోసం ఉదయాన్నే కాచుకొన్నవారిని మనము చూస్తూనే ఉన్నాము. కూటములలో వేదికపై కుర్చీల వరుస, శాలువాల వరుస మనకు తెలియనివి కావు. ఆలస్యంగా వచ్చిన పెద్దమనిషి కోసం ముందు వరుసలోని కూలి స్త్రీని లేపిన దినములు కూడా ఉన్నవి. మేమును దీనికి అతీతులము కాము. "వందనాలు" అనే మాట మాత్రం పౌలుది. మన పద్ధతి అనేకసార్లు రోమా ఆసామిది.

సేవకు సిద్ధపడుచున్న విద్యార్థులకు ఒక మనవి. రోమా 16ను మీ సంఘస్థుల పేర్లతో వ్రాసి చూడండి. చర్చి ఊడ్చే అమ్మ పేరు, మిరపకాయలు కోయడానికి వలస వెళ్ళి రెండు నెలలుగా ఆరాధనకు రాని కుటుంబం పేరు అందులో ఉన్నవో లేవో చూచుకొనండి. తెలియని పేరు ఉంటే, వారి ఇంటికి వెళ్ళి మనమే ముందుగా వందనం చెప్పుదము.