తలుపు, కిటికీ, విద్యుత్ మోటారు

వైశాఖ జ్యేష్ఠ మాసములలో ఆసిఫాబాదు ప్రాంతపు ఇండ్లలో మధ్యాహ్నమగుసరికి తలుపులు మూతపడును. వెలుపల వడగాలియు దుమ్మును చెలరేగుచుండును. వానిని లోనికి రానీయరాదు. కాని లోపల పొయ్యి వెలిగినచో ఆ మూసిన ఇంటిలోనే వేడియు పొగయు పేరుకొనును. తెరచినచో దుమ్ము వచ్చును, మూసినచో ఊపిరాడదు. గృహిణికి ప్రతి వేసవిలో ఎదురగు ఈ చిక్కే, విద్యుత్ మోటారును నిర్మించిన వారికి రెండువందల యేండ్లుగా ఎదురగుచున్నది. బావిలో నీరు తోడు మోటారుకు, గనిలో గాలి విసరు మోటారుకు, రేడియో తరంగములతో పరుగెత్తు పిల్లవాని కారులోని చిన్న మోటారుకు కూడ చిక్కు ఇదియే. మోటారు చరిత్రను శక్తి పెంపు చరిత్రగా చెప్పుట వాడుక. దానిని తలుపునకు కిటికీకి నడుమ కుదిరిన సంధి చరిత్రగా చెప్పిన, మన ఇంటి అనుభవమునకు మరింత దగ్గరగా నుండును.

1821లో లండను నగరమున మైకేల్ ఫారడే, విద్యుత్తు ప్రవహించు తీగను అయస్కాంతము చుట్టు తిప్పి చూపెను. 1838లో మోరిట్జ్ యాకోబీ రష్యాలోని నీవా నదిపై విద్యుత్ మోటారుతో పడవను నడిపెను. అయితే తిరుగుచున్న తీగచుట్టకు, కదలక నిలిచియున్న బ్యాటరీ నుండి విద్యుత్తును అందించుట ఎట్లు? ఇరుసుపై రాగి పలకలతో కూర్చిన కమ్యుటేటరును బిగించి, దానిని ఒరసికొనునట్లు రాగి తీగల కట్టను అమర్చిరి. ఆ కట్ట కుంచెను పోలియుండుటచే దానికి బ్రష్షు అను పేరు వచ్చెను. 1880వ దశకమున రాగి కట్టలకు బదులు బొగ్గు దిమ్మలు వచ్చెను గాని, పేరు మాత్రము మారలేదు.

ఈ బ్రష్షులే మోటారునకు ఊతము. ఇవియే దాని వ్యాధి. ఒరపిడిచే అరుగును, నిప్పు రవ్వలను రాల్చును, అరిగిన బొగ్గుపొడి లోపలనే పడును. అన్నిటికంటె మించిన చిక్కు వేడి విషయమున కలదు. విద్యుత్తు ప్రవహించు చుట్టలు నడిమి భాగమున తిరుగుచుండును. అక్కడ పుట్టిన వేడి బయటికి రావలెనన్న చుట్టునున్న గాలి సందును దాటవలెను. గాలి వేడిని సులభముగా మోయదు. కావున ఇట్టి మోటారుకు కిటికీలు పెట్టక తప్పలేదు. కిటికీ పెట్టిన దుమ్ము వచ్చును.

1888లో నికోలా టెస్లా, ఇటలీ దేశమున గలీలియో ఫెరారిస్, వేర్వేరుగా ఒక క్రొత్త మార్గము చూపిరి. మరుసటి యేట డొలివో-డొబ్రొవోల్‌స్కీ దానిని మూడు ఫేజుల మోటారుగా తీర్చెను. ఇందులో విద్యుత్తును అందుకొను చుట్టలు కదలవు. అవి బయటి చిప్పను అంటియుండును. వానిలో ప్రవాహము ఒకదాని వెనుక నొకటిగా మారుచు, తిరుగు అయస్కాంత క్షేత్రమును కల్పించును. లోపలి పంజరము దానివెంట తిరుగును. దానికి బ్రష్షుతో పని లేదు. వేడిలో హెచ్చు భాగము గోడకు ఆనుకొనియే పుట్టుటచే, గోడగుండ బయటికి పోవు దారి దొరికెను. తలుపు మూసియు వేడిని పంపవచ్చునను ఆశ ఇక్కడ మొలకెత్తినది.

ఆ ఆశ అత్యవసరమైన చోటు బొగ్గు గని. మన ప్రాంతమున ఈ కథ దూరపు కథ కాదు. 1871లో ఇల్లందు సమీపమున విలియం కింగ్ అను భూగర్భ శాస్త్రజ్ఞుడు బొగ్గును గుర్తించెను. 1889లో త్రవ్వకము మొదలయ్యెను. 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడెను. ఆ దశకము చివరికి బెల్లంపల్లి ప్రాంతమున గనులు తెరచిరి. నేటి కొమురం భీం ఆసిఫాబాదు జిల్లాలోని గోలేటి కూడ ఈ గనుల వరుసలోనిదే.

గనిలో బొగ్గు పొరలనుండి మీథేను వాయువు వెలువడును. గాలిలో అది నూటికి 5 మొదలు 15 పాళ్లవరకు కలసినపుడు ఒక్క రవ్వ చాలును. 1812లో ఇంగ్లండులోని ఫెల్లింగు గనిలో 92 మంది మరణించిరి. ఆ తరువాత 1815లో హంఫ్రీ డేవీ, దీపము చుట్టు సన్నని తీగల వల చుట్టి, ఆ వల మంటను చల్లార్చి బయటికి పోనీయదని నిరూపించెను. మన దేశమున 1965 మే 28న ధోరీ గనిలో జరిగిన పేలుడుకు 268 మంది ఆహుతియైరి. కారణమేదియైనను, గనిలో రవ్వ యనిన ఏమో తెలిసికొనుటకు ఈ సంఖ్య చాలును. ఇట్టి చోటికి రవ్వలు రాల్చు బ్రష్షుల మోటారును దింపుట ఎంత సాహసమో శ్రోతలే ఊహింపగలరు.

ఇరువదవ శతాబ్ది తొలి దశకమున జర్మనీలో కార్ల్ బేలింగ్ అను ఇంజనీరు డేవీ సూత్రమునే మోటారు పెట్టెకు అన్వయించెను. వాయువు పెట్టెలోనికి రాకుండ పూర్తిగా ఆపుట కష్టము. వచ్చి లోపల పేలినను, పెట్టె గోడలు ఆ దెబ్బకు తట్టుకొనవలెను. అంతేకాదు, మూతకు పెట్టెకు నడుమ మిల్లీమీటరుకన్న సన్నని సందు, వెడల్పైన ఇనుప అంచులు ఉండవలెను. మండుచున్న వాయువు ఆ సందున పోవుచు తన వేడిని ఇనుమునకు అప్పగించి చల్లబడును. బయటి వాయువు అంటుకొనదు. ఇదియే జ్వాలా నిరోధక పెట్టె. ఇచ్చట రక్షణ, శీతలీకరణ అను రెండు పనులు ఒకే సందులో కలసినవి. గని కార్మికుని ప్రాణము ఆ సందు కొలతపై నిలచియున్నది. అందుచేతనే మూత బోల్టు ఒక్కటి వదులైనను తనిఖీ అధికారులు యంత్రమును నిలిపివేయుదురు.

గని వెలుపలకు వత్తము. నేడు మిల్లులలో కనబడు మోటారుకు ఒంటినిండ గీతలవంటి రెక్కలు, వెనుక ఒక విసనకర్ర, దానిపై జల్లెడ మూత ఉండును. లోపల గాలి లోపలనే, బయటి గాలి బయటనే. విసనకర్ర రెక్కల మీదుగా గాలిని తోలును. తలుపు మూసి గోడను చల్లబరచు ఉపాయమిది. అయితే దీనికిని ఒక హద్దు కలదు. మోటారుపై వ్రాసిన శక్తి, సాధారణముగా బయటి గాలి 40 డిగ్రీలకు మించదను లెక్కపై వ్రాసినది. మన ప్రాంతమున వేసవిలో 45 డిగ్రీలు దాటు దినములు కలవు. పైగా ఇది ప్రత్తి పండు నేల. జిన్నింగు మిల్లులో ఎగురు నూగు ఆ జల్లెడ మూతపై దుప్పటివలె పేరుకొనినచో విసనకర్ర ఉండియు లేనట్లే. చుట్టల ఉష్ణము ప్రతి 10 డిగ్రీలు పెరిగిన కొలది, తీగ పై పూత ఆయువు ఇంచుమించు సగమగునని ఇంజనీర్లు వాడుకగా చెప్పుదురు.

రైతు బోరుబావిలోని మోటారుకు మరియొక తీరు. అది నీటిలో మునిగియుండును. పంపు పైన, మోటారు క్రింద ఉండును. పైకి పోవు నీరు ముందుగా మోటారు ఒంటిని తడిపి పోవుటయే దానికి శీతలీకరణ. బోరులో నీరు అడుగంటినను, మూడు ఫేజులలో ఒకటి పోయినను మోటారు కాలిపోవును. మోటారు కాలినదనిన మాట తెలంగాణ పల్లెలో ఎంత బరువైనదో, ఎండుచున్న పైరును చూచినవారికి చెప్పనక్కరలేదు.

ఇక పిల్లవాని కారు. రేడియో తరంగములతో వస్తువును నడిపించుటకు ఆద్యుడును టెస్లాయే. 1898లో న్యూయార్కులోని మాడిసన్ స్క్వేర్ గార్డెనున నీటి తొట్టిలో ఒక చిన్న పడవను తీగ లేకయే నడిపి చూపెను. 1976లో జపాను దేశపు టామియా సంస్థ విద్యుత్తుతో నడచు రేడియో కారును విపణిలోనికి తెచ్చెను. వానిలో చాలకాలము బ్రష్షుల మోటార్లే వాడిరి. ఈలోగా 1962లో విల్సన్, ట్రికీ అను ఇరువురు, బ్రష్షు చేయు పనిని అర్ధవాహక పరికరములచే చేయింపవచ్చునని ప్రకటించిరి. 1980వ దశకపు తొలినాళ్లలో నియోడిమియం అయస్కాంతము వచ్చెను. ఈ రెండును కలసినంతట, 36 మిల్లీమీటర్ల వ్యాసము గల డబ్బీలో అపారమైన శక్తి ఇమిడెను. ఇందును చుట్టలు గోడనంటి యుండును. నడుమ అయస్కాంతము తిరుగును.

ఆ చిన్న డబ్బీకి శత్రువులు ఇద్దరు. మొదటిది తన వేడియే. రాగి వేడెక్కినకొలది ప్రతి డిగ్రీకి నూటికి 0.39 వంతున దాని నిరోధము పెరుగును. నిరోధము పెరిగిన వేడి ఇంకను పెరుగును. రెండవది మన నేల. నల్లరేగడి ఎండిన పొడియై బేరింగులలో దూరును. తడిసిన ముద్దయై డబ్బీకి పూతవలె పట్టి వేడిని నిలుపును. సామాన్య నియోడిమియం అయస్కాంతము 80 డిగ్రీలు దాటిన తన బలమును కోల్పోవ నారంభించును. చల్లారిన తరువాత కూడ ఆ బలము తిరిగి రాదు.

అందుచే వాడుకరులు పెద్ద యంత్రముల పాఠమునే చిన్నదానికి నేర్పిరి. బురదలో తిరుగు కారుకు కిటికీలు లేని డబ్బీని ఎన్నుకొని, దానిపై రెక్కల అల్యూమినియపు పట్టీని, విసనకర్రను బిగింతురు. అన్నిటికన్న ముందు మోటారు ఇరుసుపైనున్న చిన్న పండ్లచక్రమును చూతురు. అది కొలతకు మించి పెద్దదైనచో మోటారు మోయలేని బరువును మోయును; అప్పుడు ఎన్ని విసనకర్రలు పెట్టినను ఫలము లేదు. పుట్టిన వేడిని తరుముటకన్న, అనవసరపు వేడిని పుట్టనీయకుండుట మేలు. ఆట ముగిసిన వెంటనే విసనకర్రను ఆపరాదు. కారు నిలచిన తరువాత లోపలి వేడి కొన్ని నిమిషములు డబ్బీ పైకి వచ్చుచునే యుండును.

ఈ ఆటవస్తువును చిన్నచూపు చూడ నక్కరలేదు. గనిలో కార్మికుని కాపాడు పెట్టె, రైతు బోరులోని మోటారు, పిల్లవాని కారు ఒకే కుటుంబమునకు చెందినవి. పిల్లవాడు ఆట ముగించి డబ్బీపై మట్టిని తుడిచి, వ్రేలితో దాని వేడిని పరీక్షించునపుడు, ఆ కుటుంబపు మొదటి ధర్మమును నేర్చుకొనుచున్నాడు. రేపు అతడే జిన్నింగు మిల్లులో జల్లెడ మూతపై నూగు దులుపవచ్చును; అతడే గనిలో వదులైన బోల్టును గుర్తింపవచ్చును. ఎప్పుడు తలుపు మూయవలెనో, ఎటు కిటికీ తెరువవలెనో తెలిసిన ఇల్లు వేసవిని దాటును. మోటారును అంతే.