పైపులు మోగించినవారు, డోలీలు మోసినవారు

మన పూర్వుల ఊళ్ళలో వీధి భాగవతం ఆడేటప్పుడు ఒకరు వెనుక నిలబడి, మేకతోలు తిత్తిని చంకలో పెట్టుకొని శ్రుతి పట్టేవారు. పాడేవారు ఊపిరి తీసుకున్నా తిత్తి శ్రుతి ఆగేది కాదు. స్కాట్లండు దేశపు బ్యాగ్‌పైపు కూడా ఈ పద్ధతి మీదే పనిచేస్తుంది. వాయించేవాడు నోటితో సంచిని నింపి, మోచేతితో నొక్కుతాడు. భుజం మీద ఆనుకున్న మూడు గొట్టాలు ఎడతెగని శ్రుతి ఇస్తాయి. వేళ్ళ కింద ఉండే నాలుగో గొట్టం తొమ్మిది స్వరాలు పలుకుతుంది. మన తిత్తి శ్రుతితో సరిపెట్టుకుంటుంది. వారి సంచి పాటను కూడా పలుకుతుంది. కనుక ఈ వాద్యం మనకు మరీ పరాయిది కాదు. ఈ దేశంలో దానిని సైనిక దుస్తులతో వాయించిన ఒక బృందం చరిత్ర మన చరిత్రను ఎక్కడ తాకుతుందో ఇక్కడ చెప్పదలచాము.

బ్రిటిషు సైన్యంలో పైపర్లకు చాలాకాలం అధికార గుర్తింపు లేదు. స్కాటిష్ పటాలాల అధికారులే తమ డబ్బుతో వారిని పోషించేవారు. 1854లో యుద్ధ శాఖ ఒక్కొక్క హైలాండ్ పటాలానికి ఒక పైప్ మేజరును, అయిదుగురు పైపర్లను అనుమతించింది. ఈ ఆచారమే స్కాట్ వలసదారులతో దక్షిణాఫ్రికాకు వచ్చింది.

ఆంగ్లో-బోయర్ యుద్ధం 1902 మే 31న ముగిసింది. ఆ యుద్ధంలో స్కాటిష్ హార్స్ అనే దళాన్ని నడిపిన టల్లిబార్డిన్ ప్రభువు, అదే సంవత్సరం జొహానెస్‌బర్గ్‌లో ట్రాన్స్‌వాల్ స్కాటిష్ అనే వాలంటీరు పటాలానికి పునాది వేశాడు. ఆయన వంశానికి చెందిన మర్రే ఆఫ్ అథోల్ గళ్ళ బట్టే దాని కిల్టు అయింది. అందులో చేరినవారు వృత్తి సైనికులు కారు. పగలు తమ ఉద్యోగాలు, వ్యాపారాలు చేసుకొని, తీరిక వేళల్లో కవాతు చేసేవారు. పైపర్లు కూడా అంతే.

వాలంటీరు అంటే తన ఇష్టంతో ముందుకు వచ్చినవాడు. కాని ఆ ఇష్టం అందరికీ చెల్లేది కాదు. 1912 నాటి రక్షణ చట్టం పౌరసేన బాధ్యతను యూరోపియన్ సంతతివారికే పరిమితం చేసింది. ట్రాన్స్‌వాల్ స్కాటిష్ 1913లో ఆ పౌరసేనలో భాగమయింది. మనవారికి కవాతు చూసే అవకాశమే గాని, అందులో నడిచే హక్కు లేదు.

మొదటి ప్రపంచ యుద్ధం వచ్చినప్పుడు ట్రాన్స్‌వాల్ స్కాటిష్, కేప్‌టౌన్ హైలాండర్స్ పటాలాల నుండి, నెటాల్, ఆరెంజ్ ఫ్రీ స్టేట్ కాలెడోనియన్ సంఘాల నుండి వచ్చిన మనుషులతో దక్షిణాఫ్రికా 4వ పదాతి దళం ఏర్పడింది. దానినే సౌత్ ఆఫ్రికన్ స్కాటిష్ అనేవారు. పైపులతో పాటు నాన్సీ అనే ఆడ స్ప్రింగ్‌బోక్ జింక కూడా వారి వెంట సముద్రం దాటింది. కవాతుల్లో అది పైపుల బృందానికి ముందు నడిచేది. 1916 జులై 15న ఫ్రాన్సులోని డెల్విల్ అడవిలోకి దక్షిణాఫ్రికా బ్రిగేడు మనుషులు 3,000 మందికి పైగా వెళ్ళారు. జులై 20న కర్నల్ థాకరే వెంట నడిచి బయటికి వచ్చినవారు సుమారు 140 మంది. యుద్ధం ముగిసిన నెలలోనే, 1918 నవంబరులో, నాన్సీ మరణించింది. ఆ జింకను కూడా సైనిక మర్యాదలతో పూడ్చారు.

ఆ యుద్ధకాలంలో దాడి మొదలయితే స్కాటిష్ దళాల పైపర్లలో చాలామంది వాద్యాన్ని పక్కన పెట్టి డోలీ పట్టేవారు. గాయపడినవారిని గుండ్ల మధ్య నుండి మోసుకువచ్చేవారు. రాగం వాయించిన చేతులే రక్తంలో తడిసిన కొయ్యలు పట్టాయి.

సరిగ్గా ఈ పనే అంతకు 17 ఏళ్ళ ముందు నెటాల్‌లో మనవారు చేశారు. 1899 డిసెంబరులో గాంధీగారు కూడగట్టిన భారతీయ అంబులెన్సు దళంలో సుమారు 1,100 మంది ఉన్నారు. వారిలో దాదాపు 300 మంది స్వతంత్రులు. మిగిలినవారు ఒప్పందపు కూలీలు. యజమానులు విడిచిపెడితేనే వచ్చినవారు. కొలెన్సోలో, 1900 జనవరిలో స్పియన్ కోప్ వద్ద వారు డోలీలు మోశారు. కొన్ని రోజులు 20, 25 మైళ్ళు నడిచారు. గాయపడిన జనరల్ వుడ్‌గేటును మోసినవారు కూడా వారే. యుద్ధ పతకాలు మాత్రం నాయకులకే దక్కాయి. 1860 నవంబరు 16న మద్రాసు నుండి ట్రూరో ఓడ డర్బను చేరినది మొదలు మన తెలుగువారు ఈ కూలీలలో ఉన్నారు. తోటలో సంఖ్యగా బతికినవాడు, యుద్ధరంగంలో కూడా సంఖ్యగానే మిగిలాడు.

రెండవ ప్రపంచ యుద్ధంలో కూడా ఈ అంతరం పోలేదు. ట్రాన్స్‌వాల్ స్కాటిష్ 3వ బెటాలియన్ 1941 నవంబరు 23న లిబియాలోని సిదీ రెజెగ్ వద్ద ఛిన్నాభిన్నమయింది. 2వ బెటాలియన్ 1942 జూన్ 21న టోబ్రుక్‌లో బందీ అయింది. 1940లో ఏర్పడిన ఇండియన్ అండ్ మలే కోర్‌లో చేరిన మనవారిని డ్రైవర్ల వంటి పోరాడని పనులకు తీసుకున్నారు. లారీ మీద పడే బాంబుకు చట్టం తెలియదు గదా!

1994 తరువాత ఈ దేశపు సైన్యం అందరిదీ అయింది. 2019లో ట్రాన్స్‌వాల్ స్కాటిష్ పేరు సాలమన్ మహ్లాంగు రెజిమెంటుగా మారింది. 1979 ఏప్రిల్ 6న ఉరికంబమెక్కిన యువకుని పేరు అది. కొందరికి ఈ మార్పు బాధ కలిగించింది, కొందరికి ఆనందం కలిగించింది. పేరు మారినందువల్ల డెల్విల్‌లో డోలీ పట్టిన పైపరు త్యాగం తగ్గదు. అతని త్యాగాన్ని గౌరవించడం వల్ల మన తాతల కష్టం చిన్నదీ కాదు. ఇద్దరూ మోసిన బరువు ఒక్కటే.

అయితే పైపరును తలచుకోవడానికి పటాలం ఉంది, స్మారకం ఉంది, ఏటేటా మోగే రాగం ఉంది. డోలీ మోసిన కూలీని తలచుకోవడానికి ఇంటివారు తప్ప ఎవరున్నారు? మీ ఇంట అవ్వలు, తాతలు ఇలాంటి మాట ఏదైనా చెప్పి ఉంటే, వారి పేరు, తోట పేరు, ఓడ పేరు ఇప్పుడే కాగితం మీద పెట్టండి. పిల్లల చేత తెలుగులో రాయించండి. మన పిల్లల తెలుగు చదువుకు అంతకంటె మంచి పాఠం మరొకటి లేదని మేము నమ్ముతున్నాము.